«బియ్యం నిండుకున్నాయి»: ఇంగ్లీషులోనూ పోర్చుగీసులోనూ దొరకని మాట

ఇంగ్లీషులోని «రన్ అవుట్»ను, పోర్చుగీసులోని «ఫికార్ సెం», «ఎస్గొతార్» అనే మాటలను అన్నింటినీ «అయిపోవు» అని తెనిగిస్తే సరిపోతుందా అని ఒక పోర్చుగీసు కథను తెనిగిస్తున్న మిత్రులు అడిగారు. సరిపోదని నా అభిప్రాయం.

«రన్ అవుట్» అన్నప్పుడు ఇసుక గడియారంలో ఇసుక జారిపోయినట్లు వస్తువు జారిపోతుంది. «ఫికార్ సెం»లో చూపు వస్తువు మీద కాక మనిషి మీద ఉంటుంది. వాడు అది లేకుండా మిగిలిపోయాడని దాని అర్థం కనుక «మాకు బియ్యం లేకుండా పోయాయి» అంటే దానికి దగ్గరగా ఉంటుంది. పోర్చుగీసులోని మరో మాట «మింగ్వార్»కు «తరిగిపోవు» చక్కగా అతుకుతుంది, ఎందుకంటే బహుళపక్షపు చంద్రుడికి పోర్చుగీసువారు వాడేదీ ఆ ధాతువే.

«ఎస్గొతార్» పుట్టింది చుక్క అనే అర్థమున్న «గొత» నుంచి. చివరి చుక్క దాకా తోడేయడమని మూలార్థం. ప్రతులన్నీ అమ్ముడుపోయిన పుస్తకానికీ, ఓపిక హరించుకుపోయిన మనిషికీ వారు దీన్నే వాడుతారు. తెలుగులో ఇంత పరిధి ఉన్న ఒక్క మాట నాకు తట్టలేదు. మా నెల్లూరు జిల్లాలో సోమశిల నీరు అడుగంటిందంటాము, ఉదయగిరి వైపు బోర్లు వట్టిపోయాయంటాము; పాలు మానేసిన గొడ్డుకు చెప్పే మాటను బోరుకూ చెప్పుకోవడంలో ఉన్న దిగులు «అయిపోయింది» అన్న మాటలో లేదు.

అన్నిటికన్నా నన్ను ఆపేది «నిండుకొను». మా అవ్వ బియ్యం డబ్బాలో సోల ముంచినప్పుడు అడుగు గీసుకున్న చప్పుడు వినిపిస్తే, «బియ్యం నిండుకున్నాయి నాయనా» అనేదే గాని ఏనాడూ «లేవు» అనలేదు. ఉప్పుకూ, పసుపుకూ అదే మాట. లేమిని నోటితో పలికితే ఇంట్లో నిలిచిపోతుందన్న భయంతో, ఖాళీని నిండుదనంగా చెప్పే ఈ పద్ధతి పై రెండు భాషల మాటల్లోనూ లేదు. పత్రికలు నిధులకూ నిల్వలకూ దీన్ని వాడుతున్నాయి గాని, నాకు అది రుచించదు.

కాబట్టి ఆ మిత్రుల కథలో «అకబో ఒ అహోస్» (బియ్యం అయిపోయాయని అర్థం) అన్నది వంటింట్లోని తల్లి అయితే నిస్సంకోచంగా «బియ్యం నిండుకున్నాయి» అని రాయవచ్చు. అంగడివాడు అన్నదైతే «బియ్యం అయిపోయాయి» అనే ఉంచాలి.