అప్‌డేట్: టీ-34 ట్రాక్ చివరికి కుదిరింది

పోయిన నెల అడిగాను కదా, 1/35 సైజు టీ-34/85 ట్యాంకు ప్లాస్టిక్ మోడల్‌లో విడి లింకులు అతికించి చేసే ట్రాక్ (చక్రాల మీద తిరిగే గొలుసు పట్టీ) చక్రాల చుట్టూ తిప్పగానే పుటుక్కున విరుగుతోందని. మీరు చెప్పినట్టే చేశాను, ఒక వైపు పూర్తయింది!

తప్పు జిగురుదే. త్వరగా ఆరే పల్చటి రకం వాడేవాణ్ణి. ఈసారి స్కేలుకు ఆనించి మాస్కింగ్ టేపు మీద లింకులు పేర్చి, నెమ్మదిగా ఆరే జిగురు రాసి అరగంట ఆగాను. వేలితో నొక్కితే అతుకు రబ్బరులా వంగింది, ఊడలేదు. అప్పుడే చుట్టేశాను. ముందున్న ఐడ్లర్ చక్రాన్ని (ట్రాక్ బిగువు సరిచేసేది) అతికించకుండా ఉంచమన్న సలహా బంగారం. చివర్లో ట్రాక్ రెండు కొసల మధ్య మిల్లీమీటరు ఖాళీ మిగిలితే, ఆ చక్రాన్ని కాస్త వెనక్కి జరపగానే మూసుకుపోయింది.

ఈ ట్యాంకుకు పైన రిటర్న్ రోలర్లు (ట్రాక్ పై భాగాన్ని మోసే చిన్న చక్రాలు) ఉండవు, ట్రాక్ తన బరువుకు పెద్ద చక్రాల మీదే వాలుతుంది. ఫెండర్ (ట్రాక్ పైన ఉండే రేకు) కింద స్పాంజి ముక్కలు దూర్చి రాత్రంతా వదిలేస్తే ఆ వాలు అచ్చం అలాగే వచ్చింది. పొద్దున్నే చూసి ఎంత సంతోషమేసిందో!

గైడ్ పన్ను (లోపలి వైపు పొడుచుకొచ్చే పన్ను) ఉన్న లింకు, లేని లింకు ఒకటి విడిచి ఒకటి వచ్చాయో లేదో జిగురు రాయకముందే చూసుకోండి. నేను ఒకచోట తప్పాను, విప్పడానికి గంట పట్టింది.

రెండో వైపు ఆదివారం మొదలుపెడతాను. అందరికీ చాలా థాంక్స్.