లగ్జరీ కార్లకి ఈ అక్షరాలూ అంకెలూ దేనికి? పేర్లు పెట్టొచ్చుగా

కొండాపూర్_కుర్రోడు:
మొన్న బాబాయి బెంజ్‌కి బ్రేక్ ప్యాడ్స్ కోసం రాణిగంజ్ వెళ్లా. మోడల్ జీఎల్‌సీ అన్నా, హారన్ల గోలలో షాపాయనకి జీఎల్‌ఈ అని వినపడింది, ఇచ్చిన డబ్బా ఇంటికి తెచ్చి విప్పితే సైజే వేరు, మళ్లీ అంత దూరం పోయి మార్చుకొచ్చేసరికి సగం రోజు పోయింది. జీఎల్‌ఏ, జీఎల్‌బీ, జీఎల్‌సీ, జీఎల్‌ఈ, జీఎల్‌ఎస్... అంత రేటు పెట్టి కొనే బండికి ఓ మంచి పేరు పెట్టలేరా? అసలు మెర్సిడెస్ అన్నదే అప్పట్లో ఆ కంపెనీ కార్లు అమ్మిన ఎమిల్ యెలినెక్ అనే ఆయన కూతురి పేరు కదా!

మలక్‌పేట_మెకానిక్:
తమ్మీ, నువ్వు అక్షరాలు చెప్పుడే తప్పు. మేము పార్ట్ అడిగితే మొదటి తరం జీఎల్‌సీకి కంపెనీ కోడ్ ఎక్స్ 253 అంటం, లేకుంటే ఛాసిస్ నంబరే చెప్తం. ఇగ అక్షరాలంటవా, ముందుగాల బెంజ్ ఎస్‌యూవీలకు ఎంఎల్, జీఎల్‌కే అని ఎట్ల పడితే అట్ల ఉన్నయి, 2015ల అన్నీ ఒక లైన్ల పెట్టిన్రు. జీఎల్ ఎనక సీ ఉంటే సీ క్లాస్ కారు మెట్టు, ఈ ఉంటే ఈ క్లాస్ మెట్టు. కొనేటోనికి ఏది పెద్దదో ఒక్క అక్షరంతోని తెలుస్తది. రోల్స్ రాయిస్‌ల ఘోస్ట్ పెద్దదా ఫాంటమ్ పెద్దదా, పేరు చూసి చెప్పు మరి.

పాత_బీమర్:
అక్షరాలు ఓకే అండీ, నా బాధంతా అంకెలతోనే. 1975లో బీఎండబ్ల్యూ 320 అంటే 3 సిరీస్, 2 లీటర్ల ఇంజిన్, డిక్కీ చూస్తే చాలు. 2012కొచ్చేసరికి 328ఐలో ఉన్నది 2.8 కాదు, 2 లీటర్ల టర్బో. బెంజ్ సీ63 ఇంకా ఘోరం, 6.2 లీటర్ల వీ8 ఉన్నప్పుడు పెట్టిన 63ని 2022లో 2 లీటర్ల నాలుగు సిలిండర్ల హైబ్రిడ్ మీద కూడా వేశారు. పవర్ తగ్గిందని కాదు, పెరిగింది కూడా, కానీ సీసీలా కనపడే అంకె సీసీ కాకపోతే కొనేవాడిని మోసం చేసినట్టే.

బంజారా_డ్రైవ్స్:
పేర్లతో గొడవ లేదనుకుంటున్నారా? రోల్స్ రాయిస్ వాళ్లు సిల్వర్ మిస్ట్ అని పెడదామనుకున్నారు, జర్మన్‌లో మిస్ట్ అంటే పేడ, 1965లో సిల్వర్ షాడోగా దించారు. నంబరైతే ఏ భాషలోనైనా నంబరే. మన ఊళ్లో 9999 కోసం ఖైరతాబాద్ ఆర్టీఏలో లక్షలు పోస్తారు బ్రో, జనానికి నంబరంటేనే మోజు.

కొండాపూర్_కుర్రోడు:
నంబరూ సేఫ్ కాదు బ్రో, పోర్షే 901 అని పెడితే మధ్యలో సున్నా ఉన్న నంబర్లు మావి అని ఫ్రెంచ్ కార్ల కంపెనీ పూజో అడ్డం పడింది, 1964లో 911 చేశారు. ఆడి చూడండి, సరి సంఖ్యలు ఎలక్ట్రిక్‌కి, బేసి సంఖ్యలు పెట్రోల్, డీజిల్‌కి అని ఏ4ని ఏ5 చేసేసి 2025 ఫిబ్రవరిలో ఆ ప్లానే వద్దనుకున్నారు. అమెరికా కార్ల కంపెనీ లింకన్ వాళ్లు ఎంకేఎక్స్, ఎంకేజెడ్, ఎంకేటీ అని జనాన్ని తికమక పెట్టి చివరికి నాటిలస్, ఏవియేటర్ అని పేర్లకే వచ్చారు కదా. మెకానిక్ అన్నా, ఎక్స్ 253 ఫోన్లో సేవ్ చేసుకున్నా, థాంక్స్. కానీ బాబాయికి ఎవరు గుర్తుచేస్తారు, ఆయన ఇప్పటికీ "మన తెల్ల బెంజ్" అనే అంటాడు.