1942 నెమలి ముద్ర కవరు, తెనాలి అడ్రసుతో. 22 వేలు పెట్టొచ్చా?

బ్రాడీపేట_స్టాంపులు:
అందరికీ నమస్తే. మాది గుంటూరు. చిన్నప్పటి నుంచీ స్టాంపులు పోగేస్తున్నా గానీ ఇండియా వరకే, బర్మా గురించి తెలిసింది తక్కువ. మా తాతయ్య యుద్ధానికి ముందు రంగంలో, అదే రంగూన్‌లో, ధాన్యం మిల్లులో గుమాస్తాగా చేశారు, 42లో లక్షల మందితో పాటు నడిచి వచ్చేశారు. ఆ సెంటిమెంటుతోనే ఇప్పుడు ఇరుక్కున్నాను. విజయవాడలో ఒక డీలర్ దగ్గర ఒక కవరు చూశాను. బర్మా ఆరో జార్జి స్టాంపు, రాజు మొహం కనపడకుండా మీద నల్లగా నెమలి అచ్చు. బర్మాలోని హెంజాడా ఊరి ముద్ర 1942 జులై, వెనకాల తెనాలి డెలివరీ ముద్ర 1942 ఆగస్టు 13. అడ్రసు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి ఉంది. 22 వేలు అంటున్నాడు, హైదరాబాద్ నుంచి ఇంకో పార్టీ కూడా అడుగుతున్నారట, ఆదివారం దాకానే ఆగుతానన్నాడు.

ఇంట్లో ట్రంకు పెట్టెలో తాతయ్య తాలూకు పాత కవర్లు కొన్ని ఉన్నాయి. ఒకటి గుంటూరు నుంచి రంగం పంపితే తిరిగొచ్చేసింది, దాని నిండా ముద్రలూ గీతలే. ఇంకొకటి 1945లోది, బర్మాలో ఉండిపోయిన ఆయన స్నేహితుడు రాసింది, స్టాంపు మీద ‘మిలీ అడ్మ్న్’ (మిలటరీ అడ్మినిస్ట్రేషన్‌కి పొట్టి రూపం) అని ఉంది. ఇవి మామూలువే కదా, ఎంతకో అంతకి అమ్మేసి నెమలి కవరుకి సర్దుదామని ఆలోచన. ఏమంటారు?

పాతకవరు:
వద్దు. ముందు ఆ ట్రంకు పెట్టె మూసి తాళం వెయ్యండి, తర్వాత మాట్లాడుకుందాం.

జపాన్ వాళ్ళు రంగూన్‌లోకి వచ్చింది 1942 మార్చి 8న. మే మొదటికల్లా మాండలే కూడా పోయింది. అక్కడి నుంచి బర్మా శత్రువు చేతిలో ఉన్న దేశం, ఇండియా బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉంది, మధ్యలో యుద్ధం జరుగుతోంది. ఆ రెండింటి మధ్య మామూలు టపా ఎలా నడుస్తుంది? జులైలో హెంజాడాలో డబ్బాలో వేసిన ఉత్తరం ఆగస్టు 13కి తెనాలి పోస్ట్‌మ్యాన్ చేతికి ఎవరు తెచ్చిచ్చారంట? మార్చిలో మనుషులకే ఓడ దొరక్క అరకాను కొండల మీదుగా చిట్టగాంగుకీ, తము మీదుగా ఇంఫాల్‌కీ నడిచి వచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. వానలు పడ్డాక ఆ దారులూ తెగిపోయాయి.

ఇంకో సంగతి, కవరు మీద సెన్సార్ గుర్తు ఉందో లేదో మీరు రాయలేదు. అప్పట్లో బయటి దేశం నుంచి వచ్చిన ఉత్తరం సెన్సార్ చేతిలో పడకుండా ఇండియాలో ఇంటికి చేరడం చాలా కష్టం. శత్రువు ఆక్రమించిన చోటి నుంచి, అదీ సుభాష్ బోస్ గొంతు బెర్లిన్ రేడియోలో వినపడుతున్న రోజుల్లో, చీటీ అంటించకుండా, ముద్ర కొట్టకుండా వదిలారంటే నేను నమ్మను.

తెనాలోడిని:
డేటు భలే పెట్టాడండీ. 1942 ఆగస్టు 12న మా తెనాలి రైల్వే స్టేషన్ తగలబడింది, క్విట్ ఇండియా ఊరేగింపు మీద పోలీసులు కాల్చారు, ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో స్తూపాలు అందుకే ఉన్నాయి. ఆ మర్నాడే బర్మా ఉత్తరం బట్వాడా అయిందంటున్నాడు. అదొక్కటే పట్టుకుని దొంగది అని నేననను, పోస్టాఫీసు తెరిచి ఉండొచ్చు, ముందే వచ్చిన సంచీ పంచి ఉండొచ్చు. కానీ ముద్ర తయారుచేసినవాడికి ఈ ఊరి సంగతి తెలీదేమో అని నాకైతే అనుమానం.

గవర్నర్‌పేట_ఫిలాటెలీ:
కవరు గురించి పైన చెప్పింది కరెక్టే. కానీ నెమలి స్టాంపులన్నీ బోగస్ అనుకుని వెళ్ళిపోకండి. 1942లో జపాన్ వాళ్ళతో కలిసి వచ్చిన బర్మా ఇండిపెండెన్స్ ఆర్మీ వాళ్ళు ఐరావతి డెల్టాలో, హెంజాడా, మ్యాంగ్‌మ్యా, ప్యాపాన్ వైపు, పోస్టాఫీసుల్లో మిగిలిన పాత స్టాంపుల మీద నెమలి కొట్టి వాడారు. రాజు తల కప్పెయ్యాలి, కొత్తవి అచ్చు వేసుకునే తీరిక లేదు, ఉన్నవాటి మీదే తమ గుర్తు వేశారు. జపాన్ వాళ్ళు అదే ఏడాది జూన్‌లో యానో ముద్ర స్టాంపు తెచ్చారు, తపాలా చూసిన యానో అనే జపాన్ అధికారి సొంత ముద్రనే ఎర్రగా అచ్చేసి 1 అణా అన్నారు. తర్వాత జపాన్ స్టాంపుల మీదే అణాలు కొట్టారు, అక్టోబరుకి అణాలు పోయి రూపాయికి 100 సెంట్లు వచ్చాయి. 1943లో పేరుకి స్వాతంత్ర్యం ఇచ్చినప్పుడు వేసినవి వాడనివి ఇప్పటికీ చవగ్గానే దొరుకుతాయి. నెమలివి అలా కాదు, అందుకే వాటికి దొంగ అచ్చులు ఎక్కువ. అసలు బర్మా స్టాంపు కొత్తది చవగ్గా కొని, మీద నెమలి కొట్టేస్తే సరిపోతుంది కదా.

చూడాల్సింది ఏంటంటే, మంచి భూతద్దం పట్టుకుని నెమలి సిరా పోస్ట్‌మార్క్ సిరా మీద ఉందా కింద ఉందా చూడండి. నెమలి పైన ఉంటే కథ ముగిసింది, వాడేసిన స్టాంపు మీద తర్వాత కొట్టారు. కింద ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, పోస్ట్‌మార్క్ కూడా దొంగది కావొచ్చు. తర్వాత నోట్లు చూసే యూవీ లైటు, ఏ కిరాణా కొట్టులో అడిగినా ఇస్తారు, దాని కింద కవరు పెట్టండి. కాగితం నీలంగా మెరిస్తే యుద్ధం తర్వాత తయారైన కాగితం, ఆ తెల్లబరిచే మందులు 1942లో లేవు. మెరవకపోతే ఏమీ తేలలేదని అర్థం, పాత ఖాళీ కవర్లు సంపాదించడం ఏమంత కష్టం.

22 వేలు అడిగేవాడు లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ సర్టిఫికెట్టు చూపించాలి. లేకపోతే తిప్పి పంపుకోవచ్చని కాగితం మీద రాసివ్వాలి. రెండూ కుదరవంటే దండం పెట్టి వచ్చెయ్యండి.

బ్రాడీపేట_స్టాంపులు:
డీలర్‌కి ఫోన్ చేశాను. సెన్సార్ గుర్తు లేదు. దానికి ఆయన చెప్పింది, ఎవరో కాందిశీకుడు జేబులో పెట్టుకుని నడిచొచ్చి ఇక్కడికి వచ్చాక డబ్బాలో వేశాడట, అందుకే సెన్సార్ లేదట. ఇది కొంచెం నమ్మేలా ఉంది కదా?

పాతకవరు:
లేదు. ఇండియాకి వచ్చాక డబ్బాలో వేస్తే ఇండియా స్టాంపు ఉండాలి. నెమలి స్టాంపు ఇక్కడ చెల్లదు. చెల్లని స్టాంపుతో వేస్తే బేరంగ్ అవుతుంది, లోటుకి రెట్టింపు వసూలు చేసేవాళ్ళు, ఆ లెక్క కవరు ముందే ముద్ర కొట్టి రాసేవాళ్ళు. ఆ రాత ఉందా? వేసిన ఊరి ముద్ర ఉందా? హెంజాడా తర్వాత ఒక్కసారిగా తెనాలే ఉందంటే ఆ కవరు ఏ టపా బండీ ఎక్కలేదు.

ఇదే బాపతు ఇంకోటి చెప్తా, ఎందుకంటే ఇదే డీలర్లు అదీ చూపిస్తారు. సుభాష్ బోస్ ఆజాద్ హింద్ పేరుతో వేయించిన స్టాంపులు. 1943లో బెర్లిన్‌లో అచ్చయ్యాయి, నిజమే, కానీ ఏ పోస్టాఫీసులోనూ వాడకంలోకి రాలేదు. విడి స్టాంపు కొనుక్కోండి, బావుంటాయి. టపాలో తిరిగిన ఆజాద్ హింద్ కవరు అంటూ చూపిస్తే నవ్వి బయటికి రండి.

ఆర్ఎమ్ఎస్_రిటైర్డ్:
బాబూ, అందరూ నెమలి దగ్గరే ఆగిపోయారు. నాకు మీ ఇంట్లో ఉన్న ఆ తిరిగొచ్చిన కవరు మీద ఉంది ఆశ. ఎప్పుడు వేశారు? 1942 ఫిబ్రవరి, మార్చి అయితే దాని మీద ‘సర్వీస్ సస్పెండెడ్’ అనో, పంపినవారికి తిరిగి ఇవ్వమనో ముద్ర ఉండాలి. రంగూన్ పోతోందని ఇక్కడ ఎవరికీ సరిగ్గా తెలీదు, ఇంట్లోవాళ్ళు ఉత్తరాలు వేస్తూనే ఉన్నారు, అవి ఎక్కడో ఆగి, చేతులు మారి, వెనక్కి వచ్చాయి. బట్వాడా కాని ఉత్తరాలు చేరే మద్రాసు డెడ్ లెటర్ ఆఫీసు దాకా వెళ్ళిందేమో ముద్రల్లో చూడండి. మీరు గీతలు అంటున్నారే, ఒక్కో గీత ఒక్కో సార్టరు చేతిది. రంగూన్ అడ్రసు కొట్టేసి పక్కన ఏమైనా రాశారా? అలాంటి దానికి దొంగ తయారుచెయ్యాలంటే అరడజను ఆఫీసుల ముద్రలు కావాలి, ఎవడూ ఆ పని పెట్టుకోడు.

1945 మిలీ అడ్మ్న్ కూడా తీసెయ్యకండి. ఆ స్టాంపు విడిగా చవకే, బ్రిటిష్ సైన్యం తిరిగొచ్చాక పాత బర్మా స్టాంపుల మీదే అది కొట్టి నడిపారు. కానీ మూడేళ్ళు ఏ కబురూ లేని ఊరి నుంచి టపా మళ్ళీ మొదలైనప్పుడు గుంటూరుకి వచ్చిన ఉత్తరం, లోపల కాగితంతో సహా ఉంటే, దాన్ని 22 వేల కవరు కోసం అమ్ముతానంటారేంటి. లోపల ఉత్తరం ఉందా?

బ్రాడీపేట_స్టాంపులు:
ఉందండీ. రెండు పేజీలు, పెన్సిలుతో. సగం చదవడానికి రావట్లేదు. తిరిగొచ్చిన కవరు మీద మార్చి 42 కనపడుతోంది, తారీఖు మసకగా ఉంది, ఎర్ర సిరాతో ఏదో ముద్ర కూడా ఉంది, అది సరిగ్గా పడలేదు. అంటించి ఉంది, ఎవరూ తెరవలేదనుకుంటా. నాయనమ్మ రాయించిన ఉత్తరం అయ్యుంటుంది. డీలర్‌కి వద్దని మెసేజ్ పెట్టేశాను.

ఆర్ఎమ్ఎస్_రిటైర్డ్:
తెరవకండి. తడపకండి, స్టాంపు ఊడదియ్యకండి, అంచులకి సెల్లోటేపు అసలు వెయ్యకండి, అది పచ్చగా మారి కాగితాన్ని తినేస్తుంది. మామూలు ప్లాస్టిక్ కవర్లో కాకుండా ఆల్బమ్‌లకి వాడే మైలార్ జేబులో పెట్టండి. తెరవాలా వద్దా అన్నది మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తేల్చుకోండి, అది స్టాంపుల విషయం కాదు. ముందు ఆ ఎర్ర ముద్రని పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, కొంచెం ఏటవాలుగా పట్టుకుని ఫొటో తీసి పెట్టండి. వెనక వైపు కూడా.