కనిగిరి బోరు నీళ్లతో చేపల తొట్టి పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి. వేసవి సెలవులకల్లా ఇంట్లో అక్వేరియం పెడతానని మా పాపకు మాటిచ్చాను. రెండడుగుల గాజు తొట్టి, ఫిల్టరు కొన్నాం. చేపలు ఇంకా తేలేదు.

నా టెన్షనంతా నీళ్ల గురించే. మా వైపు ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే కదా. పైగా బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, సబ్బు నురగ రాదు. తాగడానికి క్యాన్ నీళ్లే. పోనీ అవే పోద్దామంటే, ఆర్వోలో లవణాలన్నీ పోతాయి, చేపలకు పడదంటున్నారు. సగం సగం కలిపితే సరిపోతుందా? గప్పీలు, మోలీలు ఇలాంటి నీళ్లకు తట్టుకుంటాయని చదివాను. మా వైపు ఎవరైనా పెంచారా? పాపకేమో గోల్డ్‌ఫిషే కావాలి. అది పెరిగితే ఈ తొట్టి ఏ మూలకొస్తుంది?

ఇంకోటి. షాపతను రేపే చేపలు వేసుకోమంటాడు. చేపల వ్యర్థాల వల్ల వచ్చే అమ్మోనియాను అంత హాని చేయని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగడానికి నాలుగు వారాలైనా పడుతుందని నేను విన్నాను. కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువు చేసే మా బావ, తన దగ్గరున్న ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) పొడి చిటికెడు వేస్తే చాలంటాడు. ఆయనకు అన్నిటికీ అదే మందు! ఉప్పునీటి చెరువు సరుకు మంచినీటి తొట్టికి పనికొస్తుందా? ఆయన అమ్మోనియా టెస్ట్ కిట్ అయినా వాడొచ్చా?

మేలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కరెంటు పోతే ఇన్వర్టరు మీద గాలి పంపు ఒక్కటి నడిపితే చాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.