ఒక కిడ్నీ తీసేసిన కుక్కకు కాల్షియం, చేప నూనె ఇవ్వవచ్చా?

పలాస జీడితోట:
మా రాజాకు ఏడేళ్ళు, బరువు 18 కిలోలు. మూత్రనాళంలో రాయి అడ్డుపడి ఎడమ కిడ్నీ ఉబ్బిపోయింది. నాలుగు నెలల క్రితం దాన్ని తీసేశారు. నిన్నటి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.7. మందుల దుకాణంలో బలానికని కాల్షియం సిరప్, కాడ్ లివర్ ఆయిల్ ఇచ్చారు. మాది ఉద్దానం. మా పెదనాన్న డయాలసిస్ మీద నాలుగేళ్ళు బతికారు. కిడ్నీ అన్న మాట వింటేనే మా ఇంట్లో అందరికీ భయం. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

నాగావళి గట్టు:
ముందు ఆ సిరప్ ఆపండి. సీసా వెనక చదవండి, చాలావాటిలో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్, విటమిన్ డి కూడా ఉంటాయి. కిడ్నీ బలహీనపడితే ఫాస్ఫరస్ ఒంట్లో పేరుకుంటుంది. విటమిన్ డి పేగుల్లో కాల్షియం, ఫాస్ఫరస్ రెండింటినీ మరింతగా పీల్చేలా చేస్తుంది. మోతాదు మించితే కాల్షియం కిడ్నీ కణజాలంలోనే గట్టిపడుతుంది. మా పాత కుక్క విషయంలో ఇది ఆలస్యంగా తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

భావనపాడు అల:
ఉద్దానం నీళ్ళే కారణమేమో?

నాగావళి గట్టు:
ఉద్దానంలో మనుషులకు వచ్చే జబ్బుకు కారణం ఇంకా తేలలేదండీ. రాజాకు రాయి అడ్డుపడిందని వారే చెప్పారు కదా.

గరివిడి పశువైద్య విద్యార్థి:
చేప నూనె గురించి చెబుతాను. 1998లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం వారు ఒక అధ్యయనం ప్రచురించారు. కిడ్నీ కణజాలంలో చాలా భాగం తీసేసిన కుక్కలకు నెలల తరబడి మూడు రకాల కొవ్వులతో ఆహారం పెట్టారు: చేప నూనె, కుసుమ నూనె, గొడ్డు కొవ్వు. చేప నూనె తిన్న కుక్కల్లో వడపోత శక్తి నిలబడింది, కుసుమ నూనె తిన్నవాటిలో కిడ్నీ మరింత దెబ్బతిన్నది. కణజాలం తగ్గినప్పుడు మిగిలిన వడపోత గుచ్ఛాలు (రక్తాన్ని వడపోసే సన్నని నాళాల ముడులు) ఒక్కొక్కటి ఎక్కువ పని నెత్తికెత్తుకుంటాయి, వాటిలో ఒత్తిడి పెరుగుతుంది. మొదట్లో అది మేలే. ఏళ్ళ తరబడి సాగితే అవే మచ్చలు కట్టి మూసుకుపోతాయి. చేప నూనెలోని ఒమేగా-3 అనే కొవ్వు ఆ ఒత్తిడిని, వాపును తగ్గించవచ్చని భావిస్తారు.

అయితే ఆ కుక్కల్లో మిగిలినది చాలా చిన్న ముక్క. రాజాకు ఒక కిడ్నీ మొత్తం ఉంది. మిగిలిన కిడ్నీ ఆరోగ్యంగా ఉంటే అది పెరిగి పని అందుకుంటుంది. ఇంకో ముఖ్యమైన మాట: కాడ్ లివర్ ఆయిల్ చేప కాలేయం నుంచి తీసేది. అందులో విటమిన్ ఎ, డి ఎక్కువ. మనకు కావలసింది చేప శరీరం నుంచి తీసిన నూనె.

పలాస జీడితోట:
అయ్యో, రెండూ ఒకటే అనుకున్నాను! రోజూ అన్నంలో ఎండు నెత్తళ్ళు కలిపి పెడుతున్నాను. అదైనా మంచిదేనా?

గరివిడి పశువైద్య విద్యార్థి:
మానేయండి. ఎముకలతో సహా తింటుంది కాబట్టి ఫాస్ఫరస్, పైగా ఉప్పు. కిడ్నీ జబ్బున్న కుక్కల్లో ఏ నూనె కన్నా ఫాస్ఫరస్ తగ్గించడానికే గట్టి ఆధారం ఉంది. ఇక క్రియాటినిన్ 1.4 నుంచి 2.8 వరకు ఉంటే కుక్కల కిడ్నీ జబ్బులో రెండో దశ అంటారు. దాదాపు నాలుగింట మూడు వంతుల పని పోయేదాకా అది స్పష్టంగా పెరగదు, కాబట్టి 1.7ని తేలికగా తీసుకోవద్దు. మూత్రంలో ప్రోటీన్, మూత్రం చిక్కదనం, రక్తపోటు చూపించండి. మనుషుల నొప్పి మాత్రలు, ద్రాక్ష, ఎండుద్రాక్ష అసలు వద్దు.

బొబ్బిలి కోటగుమ్మం:
మా ఆడకుక్కకు చేప నూనె మొదలుపెట్టగానే విరేచనాలయ్యాయి. డాక్టరు గారు ఆపించి, మళ్ళీ కొద్దికొద్దిగా పెంచమన్నారు. ఇప్పుడు సర్దుకుంది. బరువును బట్టి మోతాదు మీ డాక్టరే చెబుతారు, మీరే వేయకండి.

పలాస జీడితోట:
రెండు సీసాలూ పక్కన పెట్టేశాను. సోమవారం మూత్ర పరీక్షకు తీసుకెళ్తున్నాను. ఏ వేళ పట్టాలి?

గరివిడి పశువైద్య విద్యార్థి:
ఉదయం మొదటిసారి పోసేది, అందులోనూ మొదటి ధార వదిలేసి మధ్యలోది. శుభ్రమైన పొడి సీసాలో పట్టి ఆలస్యం చేయకుండా తీసుకెళ్ళండి.