సమాకలనంలో ప్రతిక్షేపణ పద్ధతి (సబ్‌స్టిట్యూషన్): టీ అని దేన్ని అనుకోవాలి, ఎక్కడ బోల్తా పడతాం?

కొత్తబ్యాచ్
∫ఎక్స్√(1+ఎక్స్²) డీఎక్స్‌లో టీ = 1+ఎక్స్² పెడితే రెండు లైన్లలో తేలిపోతోంది. ముందున్న ఎక్స్ తీసేస్తే అదే టీ పనిచేయదు. ఎక్స్ బదులు ఎక్స్³ ఉంటే మళ్లీ పనిచేస్తుందట. దేన్ని చూసి ఎంచుకోవాలండీ?

సైన్_తీటా
లోపలి ప్రమేయం అవకలజం (డెరివేటివ్) పక్కన గుణకారంలో ఉందో లేదో చూడండి. 1+ఎక్స్² అవకలజం 2ఎక్స్. మొదటి లెక్కలో ఎక్స్ ఉంది, 2 ఒక్కటే లేదు. అది స్థిరాంకమే కాబట్టి ½ బయట పెట్టుకుంటే చాలు: ½∫√టీ డీటీ = (1/3)టీ^(3/2) + సీ.

ఎక్స్ లేనప్పుడు డీఎక్స్ = డీటీ/(2ఎక్స్) అని రాసి, ఆ ఎక్స్‌ను కూడా సమాకలన గుర్తు బయటికి లాగేస్తుంటారు. ఎక్స్ చలరాశి, బయటికి రాదు. అక్కడ ఎక్స్ = టాన్ తీటా పెట్టండి.

ఎక్స్³ అయితే ఒక ఎక్స్ డీటీకి పోతుంది, మిగిలిన ఎక్స్² స్థానంలో టీ−1 రాయాలి: ½∫(టీ−1)√టీ డీటీ = (1/5)టీ^(5/2) − (1/3)టీ^(3/2) + సీ. బేసి ఘాతాలన్నీ ఇలాగే లొంగుతాయి.

హారం_సున్నా
అవకలజం పక్కన లేకపోతే కొన్నిసార్లు మనమే తెచ్చిపెట్టుకోవచ్చు. ∫డీఎక్స్/(ఎక్స్(ఎక్స్⁵+1)) చూడండి. లవాన్నీ హారాన్నీ ఎక్స్⁴తో గుణించి టీ = ఎక్స్⁵ అంటే (1/5)∫డీటీ/(టీ(టీ+1)) అవుతుంది. జవాబు (1/5) లాగ్|ఎక్స్⁵/(ఎక్స్⁵+1)| + సీ. నేరుగా పాక్షిక భిన్నాలకు (చిన్న భిన్నాల మొత్తంగా విడగొట్టడానికి) దిగితే పేజీ నిండుతుంది.

హద్దులు_మార్చారా
నిశ్చిత (హద్దులున్న) సమాకలనమైతే టీ రాసిన లైన్లోనే హద్దులు కూడా మార్చేయండి. మొదటి లెక్కకు 0 నుంచి √3 హద్దులిస్తే, టీకి 1 నుంచి 4. జవాబు (8−1)/3 = 7/3. టీ రాసి పాత హద్దులే ఉంచడం పేపర్లలో తరచూ కనిపించే తప్పు.

అసలు గొయ్యి వేరే ఉంది. −1 నుంచి 1 వరకు ∫ఎక్స్² డీఎక్స్‌లో టీ = ఎక్స్² పెట్టండి. రెండు హద్దులూ 1 అవుతాయి, జవాబు 0 వచ్చేస్తుంది. నిజానికి 2/3 రావాలి. ఎడమ సగంలో ఎక్స్ = −√టీ, కుడి సగంలో +√టీ. రెంటికీ ఒకే సూత్రం వాడటం వల్ల వచ్చిన తేడా ఇది. 0 దగ్గర విడగొట్టి చేయాలి.

కొత్తబ్యాచ్
టీ = 1/ఎక్స్‌కు ఇలా రెండు విలువలు ఉండవు కదా. అక్కడ భయం లేనట్టేనా?

హద్దులు_మార్చారా
ఉంది. −1 నుంచి 1 వరకు ∫డీఎక్స్/(1+ఎక్స్²) తీసుకోండి. డీఎక్స్ = −డీటీ/టీ². సర్దితే −∫డీటీ/(1+టీ²), హద్దులు మళ్లీ −1, 1. అంటే ఐ = −ఐ, కనుక ఐ = 0! అసలు విలువ పై/2. 1/ఎక్స్ 0 దగ్గర తెగిపోయింది, 0 ఏమో హద్దుల మధ్యలోనే ఉంది. (ఎక్స్²+1)/(ఎక్స్⁴+1) లెక్కల్లో అందరూ పెట్టే టీ = ఎక్స్ − 1/ఎక్స్‌దీ ఇదే జబ్బు.

హారం_సున్నా
టాన్(ఎక్స్/2) సంగతీ అంతే. 0 నుంచి 2పై వరకు ∫డీఎక్స్/(2+కాస్ ఎక్స్). టీ = టాన్(ఎక్స్/2), డీఎక్స్ = 2డీటీ/(1+టీ²), కాస్ ఎక్స్ = (1−టీ²)/(1+టీ²). సర్దితే ∫2డీటీ/(3+టీ²). హద్దులు రెండూ 0. కానీ సమాకలని (సమాకలన గుర్తు లోపలి ప్రమేయం) ఎక్కడా 1/3కు తగ్గదు, విలువ 0 ఎలా అవుతుంది? మధ్యలో ఎక్స్ = పై అయినప్పుడు టీ అనంతానికి పోతుంది. సౌష్ఠవం వాడి 0 నుంచి పై వరకు చేయండి: టీకి 0 నుంచి అనంతం, విలువ పై/√3. రెట్టింపు చేస్తే 2పై/√3.

అవకలనం చేసి సరిచూసుకోవడం అనిశ్చితానికి (హద్దుల్లేని సమాకలనానికి) సరిపోతుంది. నిశ్చితంలో మాత్రం సమాకలని ధనాత్మకమై జవాబు 0 గానీ రుణం గానీ వస్తే, టీ ఎక్కడ తెగిందో వెతకండి.

సైన్_తీటా
టాన్ తీటా పెట్టాక వర్గమూలం తీసేటప్పుడు ఇంకోటి. √(సెక్² తీటా) అంటే |సెక్ తీటా|. తీటాను −పై/2, పై/2 మధ్య ఉంచుకుంటే సెక్ ధనాత్మకమే, గొడవ లేదు. ఎక్స్ = సెక్ తీటా పెట్టినప్పుడే చిక్కు: ఎక్స్ < −1 అయితే తీటా రెండో పాదంలో పడి √(ఎక్స్²−1) = −టాన్ తీటా అవుతుంది. ఆ మైనస్ రాయకపోతే జవాబు ఎక్స్ > 1కి మాత్రమే చెల్లుతుంది.