మోరిస్ మైనర్‌కి బ్యాటరీ పెడితే అది ఇంకా మోరిస్ మైనరేనా?

కౌలీ_కుర్రోడు:
ఉండేది ఆక్స్‌ఫర్డ్‌లో. ఇక్కడి కౌలీ ఫ్యాక్టరీలోనే ఒకప్పుడు మోరిస్ మైనర్ అనే చిన్న కార్లు తయారయ్యేవి. ఎండాకాలం ఆదివారాల్లో ఇప్పటికీ అక్కడక్కడా ఎదురవుతాయి. ఈ మధ్య కొందరు వాటి ఇంజన్ తీసేసి కరెంటు మోటారు పెట్టిస్తున్నారు. చూడ్డానికి అదే కారు, చప్పుడు మాత్రం ఉండదు. నాకైతే మనసొప్పడం లేదు. మీరేమంటారు?

ఎస్‌యూ_కార్బ్:
నాకూ ఒప్పదు తమ్ముడూ. ఈ బండిని చూడక్కర్లేదు, వింటే చాలు. తాళం తిప్పగానే పెట్రోల్ పంపు టిక్కుటిక్కుమంటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే సైలెన్సర్ బుర్రుమంటుంది. ఇక దాని కథ తెలుసు కదా: 1948లో బయటికొచ్చే ముందు వెడల్పు చాల్లేదని, దాన్ని రూపొందించిన అలెక్ ఇసిగోనిస్ నమూనా కారును నిలువునా రెండుగా కోయించి నాలుగంగుళాలు పెంచాడు. బానెట్ మధ్యలో ఉండే పట్టీ ఆ కోత గుర్తే. బ్రిటన్‌లో 1961 దాకా అమ్మినవాటికి ఇండికేటర్ లైటు ఉండదు, తలుపు వెనక పిల్లర్‌లోంచి చిన్న చెయ్యి లేస్తుంది. అలాంటి బండికి ఇంజన్ పీకేస్తే మిగిలేది బొమ్మ.

అంబీ_బెజవాడ:
ఏ ఇంజన్ పీకితే బొమ్మ అన్నా? కంపెనీయే 918 సీసీతో మొదలుపెట్టి 803, 948, 1098 అంటూ మార్చుకుంటూ పోయింది. మొదటిది సైడ్ వాల్వ్ అనే పాత రకం, తర్వాతవి ఏ-సిరీస్ అనే వేరే రకం. వాటికి చుట్టరికమే లేదు. మన అంబాసిడర్ సంగతేంటి? మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఒంట్లో జపాన్ కంపెనీ ఇసుజు ఇంజన్ పెడితే "ఇది అంబాసిడర్ కాదు" అని ఎవరైనా దిగిపోయారా? అది వచ్చాకే కదా బండి కాస్త లాగింది!

ఎస్‌యూ_కార్బ్:
అది కంపెనీ పెట్టింది, ఇది షెడ్డులో పెట్టేది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కూడా ఇలా మార్చినవాటిని చారిత్రక వాహనాలుగా ఒప్పుకోదు.

ట్రావెలర్_అక్క:
పొగ తగ్గుతుందనే వాదన మాత్రం తేకండి. నలభై ఏళ్లు దాటిన సొంత కార్లకు లండన్‌లో పొగ ఎక్కువ వదిలే బండ్ల మీద వేసే యూలెజ్ రుసుము ఎలాగూ లేదు. అసలు తలనొప్పి వేరే: 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడి బంకుల్లో మామూలు పెట్రోల్ అంటే ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపింది. అందులోని ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. గొట్టాలు మార్చుకుంటే, లేదా ఖరీదెక్కువైనా ఇథనాల్ తక్కువుండే ఈ5 పోసుకుంటే సరిపోతుంది. దానికోసం ఇంజనే తీసెయ్యాలా?

అలాగని మార్చడమే పాపం అనను. నా ట్రావెలర్ (మైనర్‌లోనే వెనక కర్ర చట్రం ఉండే రకం) వెనక భాగంలో కనిపించే యాష్ చెట్టు కర్ర సోకు కోసం కాదు, బాడీని మోసేది అదే. పుచ్చిపోతే కొత్త కర్ర వేయించాను. అప్పుడెవరూ నా బండిని బొమ్మ అనలేదే! నాది ఒక్కటే షరతు: బాడీకి కొత్త కోత, కొత్త వెల్డింగ్ పడకూడదు, పాత ఇంజన్ ఇంట్లోనే ఉండాలి. 2018లో బ్రిటన్ రాకుమారుడు హ్యారీ తన పెళ్లిరోజు నడిపిన జాగ్వార్ ఈ-టైప్ కరెంటుదే. అలా మార్చినదానికి పాత ఇంజన్ తిరిగి బిగించొచ్చని కంపెనీయే చెప్పింది.

ఎస్‌యూ_కార్బ్:
ఇంట్లో పెట్టిన ఇంజన్ ఇల్లు మారేటప్పుడు పాత ఇనుము కొట్టుకే పోతుందమ్మా.

అంబీ_బెజవాడ:
అక్కడిదాకా ఎందుకు, నాకు పంపించండి.

కౌలీ_కుర్రోడు:
అక్కా, నాకూ ట్రావెలర్ మీద కన్నుంది. కొనేముందు కర్ర ఎక్కడ చూడాలి?

ట్రావెలర్_అక్క:
నీళ్లు నిలిచే కింది అంచుల్లో. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. అమ్మేవాడు వద్దంటే వెంటనే వచ్చెయ్.